ఐర్లాండ్‌లో క్రికెట్: టికెట్ కన్నా బూట్ల మీద పెట్టిన డబ్బే గిట్టుబాటు

ఐర్లాండ్ క్రికెట్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది డబ్లిన్ దగ్గర మలహైడ్‌లో ఇండియా మ్యాచ్, నీలి చొక్కాలు, డోలు చప్పుడు. లెక్క వేసి చూస్తే ఇక్కడ పెట్టిన డబ్బుకు అతి తక్కువ ఆట దొరికేది ఆ రోజే. అంతకన్నా ఎక్కువ ఆట క్లబ్బు మైదానం గట్టు మీద గడ్డిలో కూర్చుంటే దొరుకుతుంది. కింది డివిజన్ జట్టులో పేరిచ్చి ఆడితే ఇంకా ఎక్కువ. చూసినా ఆడినా పెత్తనం మాత్రం తడిదే. పిచ్‌ని, బంతిని, టికెట్ డబ్బుల్ని, చివరికి బ్యాటు ఆయుష్షుని కూడా అదే తేలుస్తుంది.

ముందు మలహైడ్ సంగతి. ‘ది విలేజ్’ అని పిలిచే ఈ మైదానం స్టేడియం కాదు, కోట తోటలో ఉన్న క్లబ్బు గ్రౌండు. 2013 సెప్టెంబరు 3న ఇంగ్లండ్ వన్డేతో ఇక్కడ అంతర్జాతీయ ఆట మొదలైంది. పెద్ద మ్యాచ్ వచ్చిందంటే ఇనుప గొట్టాలతో తాత్కాలిక స్టాండ్లు కడతారు, అయిపోగానే విప్పేస్తారు. అవన్నీ కట్టాక పదకొండు వేల మందికి పైగా పడతారు. పైకప్పు ఉండదు. మరుగుదొడ్లూ తాత్కాలికమే కాబట్టి ఇన్నింగ్స్ విరామంలో వెళ్తే రెండో ఇన్నింగ్స్ మొదటి రెండు ఓవర్లు వదులుకోవాల్సిందే. 17వ ఓవర్లో లేవడం తెలివి. ఫ్లడ్‌లైట్లు లేవు కనుక ఆట పగటిపూటే. 2023 ఆగస్టులో బుమ్రా కెప్టెన్‌గా వచ్చిన ఇండియా టీ20లు ఇక్కడి టైము మధ్యాహ్నం 3 గంటలకు మొదలయ్యాయి, అంటే ఇండియాలో రాత్రి 7:30. మూడింటిలో రెండు శుక్రవారం, బుధవారం పడ్డాయి. ఆఫీసు సెలవు ఖర్చు కూడా టికెట్‌లో కలుపుకోవాలి.

ఆ సిరీస్‌నే తూకానికి పెడదాం. మొదటి మ్యాచ్‌లో ఐర్లాండ్ 139 పరుగులు చేసింది. ఇండియా 6.5 ఓవర్లలో 2 వికెట్లకు 47 దగ్గర ఉండగా వాన దిగింది, ఆట మళ్ళీ మొదలవలేదు. టీ20లో రెండో జట్టు కనీసం 5 ఓవర్లు ఆడితే ఫలితం చెల్లుతుంది. వాన ఆపిన మ్యాచ్‌లో గెలుపు తేల్చే డక్‌వర్త్ లూయిస్ లెక్క ప్రకారం అప్పటికి కావాల్సింది 45 కాబట్టి ఇండియా 2 పరుగులతో గెలిచింది. రెండో మ్యాచ్ నిండుగా సాగింది. మూడోది ఒక్క బంతీ పడకుండానే రద్దయింది. మూడు టికెట్లు కొన్నవాళ్ళు పూర్తిగా చూసింది ఒక్క మ్యాచే అన్నమాట. అందుకే కొనేముందు నిబంధనల్లో ఒక్క లైను వెతకాలి: ఎన్ని ఓవర్లలోపు ఆట ఆగితే ఎంత డబ్బు వెనక్కొస్తుంది? మొదటి మ్యాచ్ లాంటి దానికి వాపసు మీద ఆశ పెట్టుకోవద్దు.

ఎండ కాసిందంటే మాత్రం ఇదే మైదానం వేరే లోకం. 2022 జూన్ 28న దీపక్ హుడా 104 కొట్టి ఇండియా 225 చేస్తే, ఐర్లాండ్ 221 దాకా వచ్చి 4 పరుగుల తేడాతో ఆగింది. అలాంటి రోజున స్టాండ్లో ప్రతి సీటూ బౌండరీ పక్కనే ఉన్నట్టుంటుంది. అలాంటి రోజు దొరుకుతుందా లేదా అన్నది లాటరీ. ఈ లాటరీకి 5 మార్కులకు 2.5 ఇవ్వొచ్చు.

వెళ్ళేవాళ్ళకు: కారు తీసుకెళ్ళొద్దు. డబ్లిన్ కానలీ స్టేషన్ నుంచి డార్ట్ రైలు ఎక్కితే సుమారు 25 నిమిషాలు, స్టేషన్ నుంచి మైదానం కాలినడక దూరమే. తిరిగొచ్చేటప్పుడు జనం ఒక్కసారిగా ప్లాట్‌ఫాం మీద పడతారు కనుక అరగంట ఆగి బయల్దేరడం మేలు. గొడుగు దండగ. విప్పితే వెనక వరుస అరుస్తుంది, అరవకపోయినా సముద్రపు గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటు, లోపల ఉన్ని స్వెట్టరు, కింద పెట్టుకోవడానికి ఒక ప్లాస్టిక్ కవరు (అల్యూమినియం బెంచీ తడిస్తే ఆరదు) చాలు. ఫోన్లో 17 డిగ్రీలు అని చూసి టీషర్టుతో వెళ్ళినవాళ్ళు రెండో గంటకల్లా టీ క్యూలో కనిపిస్తారు. వాన కబురుకు ఫోన్లోని మామూలు యాప్ కన్నా ఐర్లాండ్ వాతావరణ శాఖ మెట్ ఏరన్ వాళ్ళ రాడార్ చూడాలి. మబ్బు ఎటునుంచి ఎటు కదులుతుందో తెలుస్తుంది, ఇరవై నిమిషాల జల్లా, సాయంత్రం దాకా ముసురా అన్నది ఊహించొచ్చు.

అసలు రుచి క్లబ్బు మైదానాల్లో ఉంది. లెన్‌స్టర్ లైట్నింగ్, నార్తర్న్ నైట్స్, నార్త్ వెస్ట్ వారియర్స్, మన్‌స్టర్ రెడ్స్ అనే నాలుగు ప్రాంతీయ జట్ల పోటీల్లో ఐర్లాండ్ జాతీయ ఆటగాళ్ళే ఆడతారు. డబ్లిన్‌లో పెంబ్రోక్ క్లబ్బు మైదానంలో 2025 జూలైలో కర్టిస్ క్యాంఫర్ వరుసగా ఐదు బంతుల్లో ఐదు వికెట్లు తీశాడు. ప్రొఫెషనల్ పురుషుల క్రికెట్‌లో అది మొదటిసారి. చూసినవాళ్ళు మాత్రం కొద్దిమందే. సైట్‌స్క్రీన్ పక్కన నిలబడితే బంతి ఎటు స్వింగ్ అవుతోందో, కీపరు ఏమని అరుస్తున్నాడో రెండూ తెలిసే చోటు ఇది. క్లాంటార్ఫ్‌లోని కాజిల్ అవెన్యూ కూడా అలాంటిదే. 1999 ప్రపంచకప్‌లో వెస్టిండీస్, బంగ్లాదేశ్ ఆడింది అక్కడే. ఊరి మధ్య నుంచి 130 నంబరు బస్సు చాలు. మామూలు లీగ్ మ్యాచ్‌లకైతే టికెట్టే ఉండదు. ట్రినిటీ కాలేజీ ఆవరణలో కాలేజ్ పార్క్ అనే మైదానం నగరం నడిబొడ్డున ఉంది. ఆఫీసు నుంచి నడుచుకుంటూ వెళ్ళి, మెట్ల మీద కూర్చుని, రెండు వికెట్లు పడేదాకా చూసి ఇంటికెళ్ళొచ్చు. 5కి 4.5. తగ్గించిన అర మార్కు స్కోరుబోర్డుకి: చాలాచోట్ల నంబర్లు మార్చే పిల్లాడి శ్రద్ధ మీద ఆధారపడాలి.

బెల్‌ఫాస్ట్‌లోని స్టోర్మంట్ మైదానం అందంలో వీటన్నిటినీ మించుతుంది. 2024 జూలైలో జింబాబ్వే మీద 158 లక్ష్యానికి 21కే 5 వికెట్లు పోగొట్టుకుని కూడా ఐర్లాండ్ 4 వికెట్లతో టెస్టు గెలిచింది అక్కడే. సొంతగడ్డపై వాళ్ళకది మొదటి టెస్టు విజయం. అయితే ఒక చిక్కు. క్రికెట్‌కి ఐర్లాండ్ ద్వీపమంతా ఒకే జట్టు, వీసాకి కాదు. బెల్‌ఫాస్ట్ ఉన్న ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లో భాగం. భారత పాస్‌పోర్టు మీద ఐర్లాండ్‌లో నివాస అనుమతితో ఉంటున్నవాళ్ళకు అక్కడికి వెళ్ళాలంటే బ్రిటన్ వీసా ఉండాలి. సరిహద్దులో ఎవరూ ఆపరు కదా అని బస్సెక్కేవాళ్ళున్నారు. తనిఖీ జరిగిన రోజున టికెట్ చూపిస్తే సరిపోదు. అక్కడ చెల్లేది కూడా యూరో కాదు, పౌండు.

డబ్లిన్ పక్కన ఆబట్స్‌టౌన్‌లో శాశ్వత మైదానం మొదటి దశకు 2024లో ప్రభుత్వం ఆమోదం ఇచ్చింది. 2030 టీ20 ప్రపంచకప్‌కు ఇంగ్లండ్, స్కాట్లండ్‌తో పాటు ఐర్లాండ్ కూడా ఆతిథ్యం ఇవ్వాలి కాబట్టి ఆ పని జరగక తప్పదు. అప్పటిదాకా గొట్టాల స్టాండ్లే.

ఇక ఆడే సంగతి. సీజన్ ఏప్రిల్ చివర్లో మొదలై సెప్టెంబరులో ముగుస్తుంది. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురు ఉంటుంది కనుక సాయంత్రం ఆరింటికి దిగినా టీ20 పూర్తవుతుంది. ఆగస్టు చివరికి ఆ సుఖం పోతుంది. డబ్లిన్ వైపు లీగ్‌లు నడిపే క్రికెట్ లెన్‌స్టర్ కింద పురుషులకు పదికి పైగా డివిజన్లున్నాయి. కింది మెట్లలో తెలుగు, తమిళం, ఉర్దూ, ఐరిష్ యాసలు ఒకే స్లిప్ కార్డన్‌లో వినిపిస్తాయి. ఐర్లాండ్ సంప్రదాయ ఆటలు నడిపే గేలిక్ క్రీడల సంఘం తన సభ్యులు క్రికెట్ లాంటి ‘విదేశీ ఆటలు’ ఆడకూడదన్న నిషేధాన్ని 1971లో గానీ ఎత్తెయ్యలేదు. అయినా డబ్లిన్‌కి ఉత్తరాన రష్, స్కెరీస్, బాల్‌బ్రిగన్ వైపు పల్లెల్లో రైతు కుటుంబాలు ఈ ఆటను వదల్లేదు. ఆ వైపు మ్యాచ్‌కి వెళ్తే అవతలి జట్టులో తాతా మనవడూ కలిసి దిగడం వింతేం కాదు.

క్లబ్బు ఎంచుకునేటప్పుడు చందా ఎంతని మాత్రమే అడిగితే సగమే తెలుస్తుంది. ఏడాది చందా కాక మ్యాచ్‌కింతని ఫీజు ఉంటుంది. రెండూ కలిపి అడగాలి. గడ్డి పిచ్చా, ఆస్ట్రో మ్యాటా (కృత్రిమ గడ్డి పరుపు)? ఎన్ని జట్లున్నాయి? ఒకే జట్టున్న చోట పదమూడోవాడు సీజనంతా నీళ్ళు మోస్తాడు. బయటి మ్యాచ్‌లకు కార్లు పంచుకుంటారా? ఆదివారం ఉదయం బస్సులు లేని మైదానాలు చాలానే ఉన్నాయి. కింది డివిజన్లలో అంపైర్లను పంపరు, బ్యాటింగ్ జట్టే నిలబడాలి. కాబట్టి ఎల్‌బీడబ్ల్యూ నియమం తెలిసినవాడికి బ్యాటింగ్ రాకపోయినా గిరాకీ ఉంటుంది. ఒక మ్యాచ్ అంటే శనివారం పూర్తిగా పోయినట్టే అని ఇంట్లో ముందే చెప్పుకోవడం మంచిది.

సామానులో మొదటి ఖర్చు బూట్లు. రబ్బరు బొడిపెల బూట్లు తడి గడ్డి మీద సబ్బు ముక్కలే. బౌలింగ్ వేసేవాళ్ళకు ముందు కాలు జారితే మోకాలికీ తొడ కండరానికీ దెబ్బ. ముందూ వెనకా మరమేకులున్న ఫుల్ స్పైక్స్ కొనాలి, మేకులు బిగించే తాళంచెవి కిట్‌లో ఉంచుకోవాలి, ఆస్ట్రో మ్యాట్ కోసం పాత రబ్బరు జత విడిగా. తడిసిన బూట్లలో పాత పేపరు కుక్కి మామూలు గదిలో ఆరబెట్టాలి. రేడియేటర్ మీద పెడితే జిగురు ఊడి అడుగు నోరు తెరుస్తుంది.

బ్యాటుకీ రేడియేటరే శత్రువు. తడి పిచ్ మీద బ్యాటు కింది అంచు నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. అలా ఉబ్బినచోట ఒక్క యార్కర్ తగిలితే నిలువునా చీలుతుంది. ఆ చీలికను చాలామంది కర్ర నాసిరకం అనుకుంటారు, నిజానికి తప్పు నిల్వది. అంచుకు రబ్బరు టో గార్డు అతికించి, మ్యాచ్ అవగానే తుడిచి, వేడి తగలని చోట నిలబెట్టాలి. పిచ్‌లు నెమ్మది, బౌన్సు తక్కువ కాబట్టి స్వీట్ స్పాట్ (బంతి బాగా తగిలే చోటు) కాస్త కిందికి ఉన్న బ్యాటే ఇక్కడ నప్పుతుంది. ఇండియా నుంచి తెచ్చుకుంటే చెక్‌ఇన్ సామానులోనే వేయాలి, చేతి సామానులో ఒప్పుకోరు. విమానంలో వచ్చేవాళ్ళకు 430 యూరోల విలువ దాకా సుంకం లేదు. కొరియర్‌లో తెప్పిస్తే 23 శాతం వ్యాట్, విలువను బట్టి దిగుమతి సుంకం పడతాయి. బ్రిటన్ దుకాణాల నుంచి తెప్పించినా బ్రెక్సిట్ తర్వాత ఇదే కథ. చూపించిన ధరలో పన్ను కలిసిందో లేదో చూసుకోవాలి. హెల్మెట్ లోపల బీఎస్ 7928:2013 అన్న బ్రిటిష్ భద్రతా ప్రమాణం ముద్ర లేకపోతే ఎంత చవకైనా వద్దు.

టెన్నిస్ బంతితో గల్లీలో ఆడి వచ్చినవాళ్ళు మే నెలలో ఎలా అవుటవుతారో స్కోరుబుక్ తిరగేస్తే చాలు: కవర్స్‌లో క్యాచ్, మిడాఫ్‌లో క్యాచ్. తడి పిచ్ మీద పడ్డ బంతి మట్టిని పట్టి ఆగి వస్తుంది. షాటు ముందే అయిపోతుంది, బంతి బ్యాటు మీదుగా గాల్లోకి లేస్తుంది. బంతిని కంటి కిందికి వచ్చేదాకా రానిచ్చి ఆడాలి, వేగం మీద ఆశ వదులుకోవాలి. అవుట్‌ఫీల్డ్ గడ్డి బంతిని పట్టేస్తుంది కాబట్టి ఇంటి దగ్గర ఫోర్ అయ్యే షాటుకి ఇక్కడ రెండే. పరిగెత్తలేనివాళ్ళు ఆ రెండోదాన్ని వదిలేసి మ్యాచ్‌నే వదిలేస్తారు. బౌలర్లకు మొదటి పది ఓవర్లు పండగ. కుట్టు ఎత్తుగా ఉండే డ్యూక్స్ బంతి చేతికొస్తే వేగం తగ్గించి ముందుకు వేయాలి, షార్ట్ బంతి ఇక్కడ ఆగి వచ్చి కొట్టమని ఆహ్వానిస్తుంది. గడ్డి తడికి బంతి నాని బరువెక్కాక స్వింగ్ పోతుంది. అప్పుడు మీడియం పేస్ వాళ్ళకు కీపరు వికెట్ల దగ్గరికి వచ్చి నిలబడితే బ్యాటరు క్రీజు దాటడం మానేస్తాడు. స్పిన్నరు నడుముకి చిన్న తువ్వాలు, జేబులో చేతులు వెచ్చబెట్టుకునే పొట్లం పెట్టుకోవాలి. మొద్దుబారిన వేలితో వేసిన ఆఫ్ బ్రేక్ ఫుల్‌టాస్ అవుతుంది.

ఆడటానికి 5కి 4. జట్టులో చోటు కావాలంటే మాత్రం ఏప్రిల్‌లో ఎండ చూసి ఫోన్ చేస్తే ఆలస్యమే. ఇండోర్ నెట్స్ జనవరి, ఫిబ్రవరిలోనే మొదలవుతాయి. కెప్టెన్లు మనుషుల్ని లెక్కపెట్టుకునేది ఆ చలి హాళ్ళలోనే.