ఎత్తు బంగారం 82 కిలోలు: న్యూట్రిషనిస్టు దగ్గర 22 నెలలు

మా అత్తమ్మకు ఒక మొక్కుంది. మా చిన్నోడి కాన్పు కష్టమైనప్పుడు, తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికొస్తే ప్రతి మేడారం జాతరకూ నా ఎత్తు బంగారం ఇస్తానని సమ్మక్కకు మొక్కింది. బంగారమంటే బెల్లమే, మా దిక్కు వాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే రెండేళ్లకోసారి హనుమకొండలో బెల్లం దుకాణం ముందు కాంటా ఎక్కడం నాకు అలవాటు. 2022లో 76 కిలోలు తూగాను. 2024 ఫిబ్రవరిలో ఎక్కితే దుకాణం అతను లోపలి కుర్రాడికి వినబడేలా కేకేశాడు: “ఎనభై రెండు బంగారం కట్టు!” వెనక వరుసలో నా దగ్గర చదివే పిల్లాడు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం టీచర్ని. పదో తరగతిలో మొదటి పాఠమే పోషణ. పిండి పదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు అని బోర్డు మీద రాసి, మెట్లెక్కి స్టాఫ్ రూముకు వచ్చేసరికి ఆయాసంతో కుర్చీలో కూలబడేదాన్ని. నా ఎత్తు 155 సెంటీమీటర్లు. లెక్క కడితే బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే అంకె, 34. మనవాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. ఇదంతా తెలియక కాదు. తెలిసింది తెలిసినట్టే ఉండేది, కాంటా మాత్రం దాని దారిన అది పోయేది.

అంతకుముందు ఏమీ చేయలేదని కాదు. 2022 జాతర అయ్యాక కాలనీలో ఒకరింట్లో పొద్దున్నే పొడి కలిపిచ్చే క్లబ్బులో చేరాను. రెండు పూటలా షేక్, ఒక పూట అన్నం. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. డబ్బాలు కొనీ కొనీ విసిగి మానేస్తే, ఏడాది తిరక్కముందే ఎనిమిది వచ్చి కూర్చున్నాయి. ఆ తర్వాత ఒక స్లిమ్మింగ్ సెంటర్లో డబ్బులు కడితే చార్టు ఇచ్చారు. ఓట్స్, బ్రోకలీ, ఆలివ్ నూనె, రాత్రికి సూపు. పైన పేరు దగ్గర వైట్‌నర్ పూసి నా పేరు రాశారు. కాగితాన్ని ట్యూబులైటుకు ఎత్తిపట్టి చూస్తే కింద ఇంకెవరిదో పేరు, వయసు 27. నాకప్పుడు 42. ఆ చార్టు పదకొండు రోజులు నడిపాను. పన్నెండో రోజు అత్తమ్మ బియ్యప్పిండితో సర్వప్ప చేసింది. ఎన్ని తిన్నానో ఇక్కడ రాయను.

ఇప్పుడు చెప్పబోయే న్యూట్రిషనిస్టు దగ్గరికి 2024 ఏప్రిల్ ఆఖర్లో వెళ్లాను. పేరు రాయడం లేదు. మంచితో పాటు నచ్చనివీ రాస్తున్నాను కాబట్టి అది న్యాయం కాదు. ఒక్కటి మాత్రం చెప్తాను. న్యూట్రిషనిస్టు అని బోర్డు ఎవరైనా పెట్టేస్తున్నారు. ఈమెను ముందే ఫోన్లో చదువు అడిగాను. న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ, ఇండియన్ డయెటెటిక్ అసోసియేషన్ వాళ్ల రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష పాసయ్యారు. అడిగినందుకు నొచ్చుకోలేదు కూడా.

మొదటి రోజు కాంటా ఎక్కించకముందే రిపోర్టులు అడిగారు. థైరాయిడ్, మూడు నెలల షుగరు, హిమోగ్లోబిన్, విటమిన్ డి. కొత్తవి లేవంటే చేయించుకుని రమ్మన్నారు, ఆ రోజు ఫీజు తీసుకోలేదు. వారం తర్వాత మళ్లీ వెళ్లాను. హెచ్‌బీఏ1సీ, అంటే ఆ మూడు నెలల షుగరు, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా అంటే షుగరు గుమ్మంలో నిలబడ్డట్టే. థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ ఎక్కువే ఉంది, అంటే థైరాయిడ్ ఇంకా అదుపులోకి రాలేదు.

“మాత్ర ఎప్పుడు వేసుకుంటారు?”

“పొద్దున్నే మేడం, పరగడుపునే.”

“దేంతో?”

“చాయ్‌తో.”

ఆమె పెన్ను కింద పెట్టేశారు. చాయ్, కాఫీలతో వేసుకుంటే ఆ మాత్ర ఒంటికి సరిగా పట్టదట. నీళ్లతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలట. క్యాల్షియం, ఐరన్ మాత్రలకైతే నాలుగు గంటల ఎడం ఉండాలట. ఆరేళ్లు నేను చేసిన పని ఇది. డాక్టరు చెప్పే ఉంటారు, నేనే విని ఉండను. మోతాదు మార్చడం తన పని కాదని చెప్పి నన్ను మళ్లీ డాక్టరు దగ్గరికి పంపారు. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

ఇక చార్టు ఇస్తారేమోనని చూస్తున్నాను. “నెలకు నూనె ఎంత కొంటారు?” అన్నారు.

“ఐదు లీటర్ల డబ్బా. నెలాఖర్లో ఒక ప్యాకెట్ తెప్పిస్తాం.”

“ఎంతమంది తింటారు?”

“నలుగురం.”

క్యాలిక్యులేటర్ నా ముందుకు తోశారు. ఆరు లీటర్లంటే దాదాపు ఐదున్నర కిలోలు. నలుగురికి, ముప్పై రోజులకు పంచితే తలకు రోజుకు 45 గ్రాములు. గ్రాముకు 9 క్యాలరీల చొప్పున నాలుగు వందలు దాటింది. అంటే కూరల్లో, పోపుల్లో, వంకాయ వేపుడు అడుగున, నేను తిన్నానని లెక్కపెట్టుకోనివే రోజుకు నాలుగు వందలు. గ్రాము కొవ్వుకు 9 అని ఇరవై ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నదాన్ని, ఒక్కసారీ మా ఇంటి నూనె డబ్బాకు ఆ లెక్క కట్టలేదు. సిగ్గేసింది. ఆ రోజు నాకు చార్టు ఇవ్వలేదు. “నూనె డబ్బా ఏ రోజు విప్పారో దాని మీద తేదీ రాయండి, అది చాలు” అని పంపించారు.

ఇంటికొచ్చి మార్కర్‌తో డబ్బా మీద తేదీ వేశాను. అత్తమ్మ అడిగింది: “గదేంది బిడ్డా, మందు సీసాకు రాసినట్టు?” అటు నుంచి మా ఆయన, “ఇగ నూనె కూడా ఎక్స్‌పైర్ అయితదేమో” అన్నాడు. నవ్వుకున్నారు గానీ, తేదీ కనబడుతుంటే గంటెతో పోసే చెయ్యి దానంతటదే కొంచెం వెనక్కి తగ్గింది. మూడో నెలకు మూడున్నర లీటర్లకు వచ్చాం. కూర రుచి పోయిందని ఎవరూ అనలేదు. వేపుళ్లు తగ్గాయి, పప్పుచారు, పచ్చిపులుసు, చింతచిగురు పప్పు పెరిగాయి.

తర్వాత బియ్యం. చిన్న డిజిటల్ కాంటా కొనమన్నారు. మా ఇంటి కొలత గ్లాసుకు 150 గ్రాములు పడుతుంది. రెండు పూటలకు నా ఒక్కదాని వంతు రెండు గ్లాసులు. వెయ్యి క్యాలరీలు బియ్యంతోనే తీరిపోతున్నాయి. ఎవరో తెలంగాణ సోనా తింటే షుగరు పెరగదన్నారని అడిగాను. బియ్యం రకం మార్చుకుంటే మార్చుకోండి, గ్లాసు మాత్రం ఒకటే అన్నారు. గోడ మీద జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల పళ్లెం బొమ్మ ఉంది. అందులో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే. మా ఇంట్లో పళ్లెం నిండా అన్నం, అంచున కూర, మధ్యలో తొక్కు. బొమ్మకూ పళ్లానికీ పోలికే లేదు.

చార్టు చేతికొచ్చింది మూడో భేటీలో. అందులోనూ ఒక చిక్కుంది. ఆమెది కోస్తా వైపు. పొద్దున ఇడ్లీ, పెసరట్టు, సాయంత్రం మొలకల సలాడ్ రాశారు. నేను “సాయంత్రం గుడాలు తినొచ్చా మేడం?” అంటే ఆమెకు అర్థం కాలేదు. బొబ్బెర్లు, శనగలు ఉడకబెట్టి ఇంత ఉల్లిగడ్డ, ఉప్పు వేసుకుంటామని చెప్తే, “అవి గుగ్గిళ్లండీ, హాయిగా తినండి” అన్నారు. రాత్రికి జొన్నరొట్టె రెండు, ఆకుకూర పప్పు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం కంటే కూర ఎక్కువ. రోజుకొక గుడ్డు, ఒక గిన్నె పెరుగు. కొత్తగా కొన్నది ఏమీ లేదు. చార్టు విలువ అంతవరకే. ఇలాంటిది మీరూ ఒక గంట కూర్చుంటే రాసుకోగలరు. నేను డబ్బులిచ్చింది పదిహేను రోజులకోసారి ఎదురుగా కూర్చుని “ఎంత? ఎంతమందికి? ఎన్నిసార్లు?” అని అడిగే మనిషికి. ఇంట్లోవాళ్లు అడిగితే కోపమొస్తుంది, ఆమె అడిగితే లెక్క గుర్తొస్తుంది.

బరువు ఎలా తగ్గిందో ఉన్నదున్నట్టు రాస్తాను, ఎందుకంటే ప్రకటనల్లో ఇది చెప్పరు. మొదటి నెలలో మూడున్నర కిలోలు పోయాయి. ఎగిరి గంతేశాను. అందులో సగం నీళ్లే, అన్నం తగ్గిస్తే ఒంట్లో నిల్వ ఉన్న పిండి పదార్థంతో పాటు నీళ్లూ పోతాయని ఆమే చెప్పి నా ఉత్సాహం మీద ఇన్ని నీళ్లు చల్లారు. ఆ తర్వాత నెలకు కిలో, కిలోంబావు. దసరాకు 74.

బతుకమ్మ తొమ్మిది రోజులు నాకు టెన్షన్. సద్దుల నాడు సత్తుపిండి, మలీద తినకుండా ఉంటే అది పండుగే కాదు. “తినండి, ఎన్ని ముద్దలో రాసి పంపండి” అన్నారు. ఐదు ముద్దలని రాశాను. నిజానికి ఏడు.

దసరా నుంచి సంక్రాంతి దాకా కాంటా 74 దగ్గరే మొండికేసింది. తిండి మారలేదు, నడక మారలేదు. ఒళ్లు తేలికైతే దానికి కావాల్సిన ఇంధనమూ తగ్గుతుందట. 82 కిలోల మనిషిని తగ్గించిన తిండి 74 కిలోల మనిషిని అక్కడే నిలబెడుతుంది. దానికి తోడు నేను బియ్యం తూచడం మానేసి గ్లాసు నిండుగా గోపురం కట్టడం మొదలుపెట్టాను. మళ్లీ తూస్తే 190 గ్రాములు. సకినాల సంగతి సరేసరి. 2025 ఎండాకాలం సెలవుల్లో పెళ్లిళ్లు, బగారన్నం, దావతులతో మూడు కిలోలు తిరిగొచ్చాయి. ఏడ్చాను కూడా. జూన్‌లో బడి తెరిచాకే దారిలో పడ్డాను.

నడక గురించి ఒక ముక్క. భద్రకాళి బండ్ మీద పొద్దున నలభై నిమిషాలు నడుస్తాను. చెరువు ఎండగట్టి పూడిక తీస్తున్న రోజుల్లోనూ మానలేదు. నడకతో బరువు పెద్దగా తగ్గలేదు, మోకాళ్లు మాత్రం తేలికయ్యాయి, నిద్ర పట్టింది. నడిచొచ్చి రెండు మిర్చి బజ్జీలు, ఒక చాయ్ తీసుకుంటే లెక్క మొదటికే వస్తుంది. అది నేను చేసి చూశాను.

ఇక నచ్చనివి. మొదటి ఆరు నెలలు ఆమే చూశారు. తర్వాత రద్దీ పెరిగి ఒక అసిస్టెంటును పెట్టారు. ఆ అమ్మాయి నేను పంపిన ప్రతి ఫొటోకూ “సూపర్ మేడం, కీప్ ఇట్ అప్” అని పెట్టేది. ఒకరోజు పొరపాటున నా పళ్లెం బదులు మా పిల్లల బిర్యానీ ఫొటో వెళ్లింది. దానికీ సూపరే. నేను గొడవ చేస్తే మళ్లీ మేడమే చూడటం మొదలుపెట్టారు, కానీ జవాబు మర్నాటికి గాని రాదు. ప్యాకేజీ అయిపోయే వారం ముందు నుంచి రెన్యూవల్ ఫోన్లు మాత్రం టైముకు వచ్చేవి. కండరాలకు వ్యాయామం గురించి మొదటి ఏడాది ఒక్క మాటా చెప్పలేదు. నేనే అడిగితే అప్పుడు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, రబ్బరు బ్యాండ్ లాగడం చెప్పారు. అవి మొదటి నుంచీ చేసి ఉంటే బాగుండేది. ఖర్చు మూడు నెలలకు ఆరు వేలు, మొదటి ఏడాది నాలుగుసార్లు కట్టాను. పొడి డబ్బాలకు తగలేసిన దాని కంటే తక్కువే అయినా, జీతం రాని ఇంట్లో ఇది పెద్ద డబ్బే.

ఊళ్లో మాటలకూ సిద్ధపడాలి. లావుగా ఉన్నప్పుడు ఎవరూ ఏమీ అనరు. తగ్గాక స్టాఫ్ రూములో “మేడం, ముఖం పీక్కపోయింది, షుగరా?” అని నలుగురు అడిగారు. అత్తమ్మ ఇప్పటికీ అన్నం గంటె పట్టుకుని నా పళ్లెం మీద నిలబడుతుంది.

ఎవరికి పనికొస్తుందంటే, ఏం తినాలో తెలిసీ చేయలేని నాలాంటివాళ్లకు. రిపోర్టులు అడగకుండా చార్టు చేతిలో పెడితే, పొడి డబ్బా అమ్మజూపితే, నెలకు పది కిలోలని మాటిస్తే లేచి వచ్చేయండి. ఐదుకు నేను మూడున్నర ఇస్తాను. ఆ అసిస్టెంటు లేకపోతే నాలుగు.

2026 జనవరి ఆఖర్లో జాతర. అదే దుకాణం, అదే కాంటా. డెబ్బైన్నర. బీఎంఐ ఇంకా 29, అంటే పుస్తకం ప్రకారం నేనింకా ఊబకాయమే. హెచ్‌బీఏ1సీ మాత్రం 5.6కు దిగింది. దుకాణం అతను ఈసారి కేకెయ్యలేదు, మామూలుగా చీటీ రాశాడు. అత్తమ్మే ఊరుకోలేదు. “పోయినసారి ఎనభై రెండిచ్చి ఇప్పుడు డెబ్బయ్యా? తల్లి ఏమనుకుంటది?” అని పదకొండున్నర కిలోలు విడిగా తూయించి కట్టించింది. మొక్కు ఆమెది, నేను నోరెత్తలేదు.

జాతర నుంచి ప్రసాదం బెల్లం సంచెడు తెచ్చాం. నా ప్యాకేజీ డిసెంబర్‌లోనే అయిపోయింది, ఇప్పుడు మూడు నెలలకోసారి ఊరికే చూపించుకుని వస్తున్నాను. అయినా అలవాటుకొద్దీ సంచి ఫొటో తీసి మేడంకు పంపాను. మర్నాడు పదకొండు గంటలకు జవాబొచ్చింది: “ఎంతమందికి?”