ఎస్‌ఈఎం బొమ్మలో ఒక పక్క తెలుపు: మిషన్ దగ్గర సరిచెయ్యాలా, కంప్యూటర్లోనా?

పొందూరులో వాలుగ చేప దవడతో ఏకిన పత్తి అది. ఎస్‌ఈఎంలో, అంటే స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో, పెట్టి చూస్తే కుడి పక్క వెలిగిపోతోంది, ఎడమ పక్క చీకటి. "ఇమేజ్‌జెలో పెడితే రెండు నిమిషాల పని" అన్నారు మా విజయనగరం కుర్రాళ్లు; ఇమేజ్‌జె అంటే ఫొటోలు సరిచేసి కొలిచే సాఫ్ట్‌వేర్. "ముందు స్టేజి తిప్పండి బాబూ" అన్నాడు టెక్నీషియన్. నా ఓటు టెక్నీషియన్‌కే, కాస్త ఆలస్యంగా పడింది.

తిప్పడమంటే శాంపిల్ కూర్చునే స్టేజిని 90 డిగ్రీలు తిప్పడం. స్కాన్ రొటేషన్ ముట్టుకోకూడదు, అది ఉత్త బొమ్మనే తిప్పుతుంది. తెలుపు తెర మీద ఉన్న పక్కనే ఉండిపోతే డిటెక్టర్‌ని అనుమానించాలి. శాంపిల్ నుంచి వచ్చే ఎలక్ట్రాన్లను పట్టే ఎవర్‌హార్ట్-థార్న్‌లీ డిటెక్టర్ ఛాంబర్లో ఒక పక్కనే ఉంటుంది; దాని ముందున్న జాలీకి రెండు మూడు వందల పాజిటివ్ వోల్టులిచ్చి ఎలక్ట్రాన్లను లాగుతారు. మాగ్నిఫికేషన్ తక్కువైతే ఆ తేడా బాగా కనబడుతుంది. వర్కింగ్ డిస్టెన్స్, అంటే లెన్సుకీ శాంపిల్‌కీ మధ్య దూరం, మార్చి చూడాలి.

మాకు మాత్రం తెలుపు పోగుతోపాటే తిరిగింది. అంటే శాంపిల్‌దే తప్పు. తీసి చూస్తే పోగు ఒక కొస కార్బన్ టేపు నుంచి లేచిపోయి ఉంది. పైన బంగారం పూత ఉందిగానీ అడుగుకి అందలేదు. చార్జి పోయే దారి లేక అక్కడే పేరుకుంది. కొసకి సిల్వర్ పెయింట్ చుక్క పెట్టి, ఎలక్ట్రాన్లను తోసే వోల్టేజిని 15 కేవీ నుంచి 5కి దించితే పోయింది. మళ్లీ పూత, మళ్లీ వాక్యూమ్, మిషన్‌కి గంటల లెక్కన అద్దె. అదొక్కటే బాధ.

ఇక ఇమేజ్‌జె. వెనకున్న హెచ్చుతగ్గుల వెలుగుని తీసేసే సబ్‌ట్రాక్ట్ బ్యాక్‌గ్రౌండ్‌లో రోలింగ్ బాల్ రేడియస్ మామూలుగా 50 పిక్సెల్స్ ఉంటుంది. మా పోగు వెడల్పే 150; బంతి పోగుకన్నా చిన్నదైతే పోగునే బ్యాక్‌గ్రౌండ్ అనుకుని తీసేస్తుంది. కుర్రాళ్లు అలాగే నొక్కేశారు. పోగు నడుమంతా నల్లబడి, అంచులు రెండూ తీగల్లా మిగిలాయి! రేడియస్ 200 చేస్తే బాగానే వచ్చింది. శాంపిల్ పారేశాక మిగిలిన పాత ఫొటోల్లో పోగులు లెక్కపెట్టడానికీ వెడల్పు కొలవడానికీ ఇదే మేలు, వేరే దారీ లేదు.

గర్భాం మాంగనీసు రాయిని బ్యాక్‌స్కాటర్లో (శాంపిల్‌కి తగిలి వెనక్కొచ్చే ఎలక్ట్రాన్లతో) చూసేవాళ్లు మాత్రం దీని జోలికి పోకండి. అక్కడ బరువైన మూలకం ఉన్నచోటే తెల్లగా కనిపిస్తుంది. పెద్ద మచ్చ ఒకటి ఫ్రేములో సగం ఆక్రమిస్తే, సాఫ్ట్‌వేర్ దాన్నీ బ్యాక్‌గ్రౌండే అనుకుని తుడిచేస్తుంది.