72 కిలోల హోమ్ జిమ్ మెషీన్: ఏళ్లపాటు వాడాక ఏది పనికొచ్చింది, ఏది అరిగింది

ఇది ఒకే సీటు, ఒకే వెయిట్ స్టాక్ (ఒకదాని మీద ఒకటి పేర్చిన బరువు ప్లేట్లు) ఉండే సింగిల్ స్టేషన్ మల్టీ జిమ్ గురించి. ఇంటికి కావాలని షాపులో అడిగితే ముందుగా చూపించేది ఈ రకాన్నే. ఒక్కోటి 4.5 కిలోల చొప్పున 16 ప్లేట్లు, మొత్తం 72 కిలోలు. పైన వీపు కోసం కిందికి లాగే లాట్ పుల్‌డౌన్ బార్, ముందు ఛాతీ కోసం తోసే చెస్ట్ ప్రెస్ చేతులు, వాటినే తిప్పితే రెండు చేతుల్నీ ముందుకు దగ్గరికి తెచ్చే బటర్‌ఫ్లై, సీటు కింద కాళ్లు చాచే లెగ్ ఎక్స్‌టెన్షన్, అడుగున కింది నుంచి కేబుల్ లాగే లో పుల్లీ ఉంటాయి. ధర ముప్పై వేల దగ్గర మొదలై, కంపెనీని బట్టి యాభై వేలు దాటుతుంది. మా ఇంట్లో పెద్దవాళ్లూ, కుర్రవాళ్లూ అందరూ దీన్నే వాడతారు కాబట్టి రకరకాల శరీరాలకు ఇది ఎలా సరిపోతుందో చూసే వీలు దొరికింది.

కొనాలా వద్దా అనే ప్రశ్నకు నా జవాబు ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది: మీకు లాగే వ్యాయామాలు కావాలా? తోసే పనికి నేలమీద దండీలు ఉన్నాయి, కాళ్లకు బస్కీలు ఉన్నాయి. దండీ తీసేటప్పుడు ఒంటి బరువులో దాదాపు మూడింట రెండొంతులు చేతుల మీద పడుతుంది. అంటే 70 కిలోల మనిషికి 45 కిలోల చెస్ట్ ప్రెస్ ఉచితంగా దొరికినట్టే. వీపుకు మాత్రం ఒట్టి నేల ఏమీ ఇవ్వదు. పుల్‌అప్ రాడ్డు చవకే గానీ, ఒక్క పుల్‌అప్ కూడా తీయలేని మనిషికి అది గోడకు బిగించిన ఇనుప ముక్క. ఇరవై కిలోలతో మొదలుపెట్టి మెల్లగా అరవై దాకా వెళ్లే దారి లాట్ పుల్‌డౌన్‌లో ఉంది. ఈ మెషీన్ అసలు విలువ అక్కడే. డబ్బా మీద రాసే 'నలభై వ్యాయామాలు' లాంటి లెక్కలను పట్టించుకోకండి. నిజంగా నిలబడేవి లాట్ పుల్‌డౌన్, పొట్టవైపు లాగే లో పుల్లీ రో, తాడు తగిలించి ముఖం వైపు లాగే ఫేస్ పుల్, పై కేబుల్‌ను మోచేతులతో కిందికి నొక్కే ట్రైసెప్స్ పుష్‌డౌన్, లెగ్ ఎక్స్‌టెన్షన్. ఈ ఐదూ బాగున్నాయి, మిగతావి ఉన్నాయంటే ఉన్నాయి.

ఇక 72 అనే అంకె సంగతి. స్టాక్ మీద రాసిన బరువూ, చేతికి వచ్చే బరువూ ఒకటే కానక్కర్లేదు. కేబుల్ దారిలో ప్లేట్లతోపాటు పైకి కదిలే పుల్లీ ఉంటే, హ్యాండిల్ దగ్గర వచ్చేది సగమే. బదులుగా కేబుల్ రెట్టింపు దూరం కదులుతుంది. ప్రెస్ చేతుల దగ్గర మీట పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. షాపులోనే తేల్చుకోవడానికి సూట్‌కేసులు తూచుకునే కొక్కెం తూకం ఒకటి చాలు. లో పుల్లీ కొక్కేనికి దాన్ని తగిలించండి, ఎన్ని ప్లేట్లు లేవాలో నిర్ణయించే పిన్నును ఆరో ప్లేటులో పెట్టండి, అంటే 27 కిలోలు. మెల్లగా లాగుతూ ఒకసారి, మెల్లగా వదులుతూ ఒకసారి అంకె చూడండి. మా మెషీన్‌లో లాగేటప్పుడు 30 దాటింది, వదిలేటప్పుడు 24 దగ్గర నిలిచింది. ఆ తేడా అంతా పుల్లీల్లోనూ, ప్లేట్లు జారే గైడ్ రాడ్ల మీదా పోయే రాపిడి. బాగా చేసిన మెషీన్‌లో తేడా తక్కువగా ఉంటుంది. రెండు అంకెలూ పదమూడు, పధ్నాలుగు దగ్గర వస్తే అది సగం బరువిచ్చే అమరిక అని అర్థం, 72 కిలోల స్టాక్ నుంచి మీకు దొరికేది 36 మాత్రమే. ఈ పరీక్ష చేయనివ్వని షాపులో కొనకండి.

వదిలేటప్పుడు బరువు తగ్గిపోతుంది కాబట్టి ప్లేట్లను దించడం నెమ్మదిగా, మూడు సెకన్లు పట్టేలా చేయాలి. అప్పుడే కండకు పూర్తి పని దొరుకుతుంది, కింది ఫ్లాటు వాళ్లకూ చప్పుడు తగ్గుతుంది.

స్టాక్‌కు పైన ఒక హద్దు, కింద ఒక హద్దు ఉన్నాయి. పై హద్దు సులువుగానే అర్థమవుతుంది: 75 కిలోల మనిషి ఒక శుభ్రమైన పుల్‌అప్ తీశాడంటే 75 కిలోలు లాగినట్టే, స్టాక్ దాటిపోయినట్టే. ఆ దశకు వచ్చాక పుల్‌అప్ రాడ్డుకు మారడమే సరైన దారి. కింది హద్దు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. 9 కిలోల నుంచి 13.5కు వెళ్లడమంటే ఒక్కసారిగా యాభై శాతం పెంపు. పుష్‌డౌన్, ఫేస్ పుల్ లాంటి వాటిలో ఆ దూకుడు మోచేతుల మీదా భుజాల మీదా పడుతుంది. దీనికి తేలికైన ఉపాయం, కాలి చీలమండకు కట్టుకునే ఒక కిలో ఇసుక పట్టీ. దాన్ని పై ప్లేటు మీద, రెండు గైడ్ రాడ్ల మధ్య, కేబుల్ మొదలు చుట్టూ చుడితే బరువు మధ్యలోనే పడుతుంది. పొడుగు పిన్ను పెట్టి దాని కొసకు చిన్న ప్లేటు వేలాడదీసే పద్ధతి కూడా ఉంది గానీ, బరువు ఒకపక్కకే పడి స్టాక్ రాడ్డును పట్టేస్తుంది. పట్టీ దొరక్కపోతే అదే బరువుతో పదిహేను సార్లు తేలిగ్గా వచ్చేదాకా ఉండి, అప్పుడు పెంచండి.

కాళ్ల విషయంలో ఈ మెషీన్ చేతులెత్తేస్తుంది. లెగ్ ఎక్స్‌టెన్షన్ తొడ ముందుభాగానికి మాత్రమే. తుంటినీ నడుమునూ కలిపి పనిచేయించే కదలిక ఏదీ ఇందులో లేదు. ఒక జత డంబెల్స్, ఒక్కోటి 12.5 లేక 15 కిలోలవి పక్కన పెట్టుకుని, ఒంటికాలి బస్కీలూ, నడుము నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగే రొమేనియన్ డెడ్‌లిఫ్టులూ చేస్తే లోటు తీరుతుంది. ఆ డంబెల్స్ ఖర్చును మెషీన్ ధరలోనే కలిపి చూసుకోండి.

లెగ్ ఎక్స్‌టెన్షన్ వాడేటప్పుడు మోకాలి కీలు మెషీన్ కీలుకు ఎదురుగా ఉండాలి. పొట్టివాళ్లు సీట్లో వెనక్కి ఆనుకుంటే మోకాలు లోపలికి పోతుంది, రోలర్ పిక్క ఎముక మీద జారుతుంది, మోకాలు నొక్కుకుంటుంది. వీపు వెనక గట్టి దిండు పెట్టి ముందుకు జరిపితే సరిపోతుంది. అదే దిండు చెస్ట్ ప్రెస్‌లోనూ పనికొస్తుంది. చాలా మెషీన్లలో ప్రెస్ చేతులు మొదట్లో మరీ వెనక్కి ఉంటాయి, భుజం సాగిపోయిన స్థితిలో బరువు ఎత్తాల్సి వస్తుంది. వయసు పైబడినవాళ్లకు ఈ మెషీన్ నప్పడానికి వేరే కారణం ఉంది: బ్యాలెన్స్ చూసుకోనక్కర్లేదు, మీద పడే బరువు లేదు, పిన్ను మార్చితే చాలు కొడుకు తర్వాత తల్లి కూర్చోవచ్చు. ఇంట్లో నలుగురు వాడేట్టయితే డబ్బు తిరిగి వచ్చినట్టే.

అరిగే భాగాల్లో మొదటిది కేబుల్. దాదాపు 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు తీగకు నైలాన్ తొడుగు. తీగ ఎక్కువగా దెబ్బతినేది రెండు చోట్ల: కొసన బిగించిన గుండు లేక బోల్టు పక్కన, ఇంకా అస్తమానం వంగే చిన్న పుల్లీ దగ్గర. పుల్లీ ఎంత చిన్నదైతే తీగ అంత బిగుతుగా వంగుతుంది, లోపలి పోగులు అంత త్వరగా అలిసిపోతాయి. అందుకే కొనేటప్పుడు పుల్లీ వ్యాసం తొమ్మిది పది సెంటీమీటర్లు ఉందో లేదో చూడండి. నెలకోసారి వేలూ బొటనవేలూ మధ్య కేబుల్‌ను పట్టుకుని పొడవునా జరపండి. ఉబ్బు తగిలినా, తొడుగు పగిలి తీగ కనిపించినా, కొసన తొడుగు తెల్లబారినా ఆ రోజే వాడకం ఆపేయాలి. పగిలిన చోట ఇన్సులేషన్ టేపు చుట్టడం పనికిరాని పని, లోపల తెగుతున్న పోగులను అది కళ్లకు కనబడకుండా చేస్తుంది. పుల్‌డౌన్ మధ్యలో కేబుల్ తెగితే బార్ నేరుగా తల మీదికి వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మెషీన్ కొత్తగా ఉన్నప్పుడే ఒక్కో కేబుల్ పొడవు, కొసల ఆకారం, బోల్టు మర సైజు కొలిచి రాసిపెట్టుకోండి, ఫొటో తీసుకోండి. మోడల్ ఆగిపోయాక కంపెనీలు విడిభాగాలు ఇస్తాయన్న నమ్మకం పెట్టుకోకూడదు. కొలతలుంటే జిమ్ పరికరాలు రిపేరు చేసేవాళ్లు తీగ కోసి, కొసలు ప్రెస్ చేసి ఇస్తారు. వారంటీ కాగితంలో కేబుల్, రెక్సిన్, పుల్లీ ఎక్కడున్నాయో కూడా ముందే చదవండి. 'అరిగే భాగాలు' అని వాటినే పక్కన పెట్టేయడం మామూలు, ఫ్రేముకు ఇచ్చే పదేళ్ల హామీ వల్ల ఒరిగేదేమీ లేదు, ఫ్రేము ఎలాగూ విరగదు.

కొత్త కేబుల్ కొన్నాళ్లకు కాస్త సాగుతుంది. అప్పుడు మొదటి రెండు మూడు అంగుళాలు లాగినా బరువు తెలియదు. స్టాక్ మీద కేబుల్ కలిసే చోట మర బోల్టు, దాని లాక్ నట్టు ఉంటాయి. నట్టు వదులు చేసి, బోల్టును లోపలికి తిప్పి, మళ్లీ నట్టు బిగించాలి. మర కనీసం అరంగుళం లోపల ఉండాల్సిందే. మరీ బిగిస్తే పై ప్లేటు కొద్దిగా లేచి పిన్ను రంధ్రాలు కలవవు, అది అతి బిగువుకు గుర్తు. పుల్లీ కిర్రుమంటే ముందు బేరింగు చూడండి. విప్పి వేలితో తిప్పితే గరగరలాడితే పోయినట్టే. దాని అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది, బేరింగుల షాపులో ఆ నంబరు చెబితే చాలు, పుల్లీ మొత్తం మార్చనక్కర్లేదు.

గైడ్ రాడ్లకు వంటనూనె, కొబ్బరినూనె, గ్రీజు ఏదీ వద్దు. దుమ్ము అంటుకుని ముద్దగా మారి ప్లేట్లు పట్టేస్తాయి. తుప్పు వదిలించే స్ప్రే కూడా కొద్దిరోజుల్లోనే ఆరిపోతుంది. పొడి గుడ్డతో తుడిచి, సిలికాన్ స్ప్రేను ఇంకో గుడ్డ మీద కొట్టి దానితో రాడ్డు రుద్దాలి. నేరుగా రాడ్డు మీద కొడితే నేలమీద పడి టైల్స్ జారతాయి. నెలకోసారి సరిపోతుంది, ఎండాకాలం దుమ్ములో రెండుసార్లు. ఎప్పుడు చేయాలో అనుమానం వస్తే మళ్లీ ఆ కొక్కెం తూకమే చెబుతుంది: లాగడానికీ వదలడానికీ తేడా పెరిగిందంటే రాడ్లు ఎండిపోయాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో మెషీన్‌ను బాల్కనీలో పెట్టకండి. క్రోమ్ పూత మీద చిన్న చుక్కల్లా మొదలైన తుప్పు ప్లేటు రంధ్రాల్లోని ప్లాస్టిక్ బుష్‌లను ఆకురాయిలా అరగదీస్తుంది. సీటు రెక్సిన్ పగిలితే కంపెనీని వెతకనక్కర్లేదు, ఆటో సీట్లు కుట్టేవాళ్లు కొత్త ఫోమ్ పెట్టి ఇంకా గట్టిగా కుట్టిస్తారు.

బిగింపు దగ్గర తేడా వస్తే ఎంత సిలికాన్ రాసినా లాభం లేదు. ఇద్దరు మనుషులు, నాలుగైదు గంటలు పెట్టుకోండి. డబ్బాలో ఇచ్చే రేకు స్పానర్లు కాకుండా సొంతవి ఉండాలి: ఎక్కువగా 17, 19 సైజులు, 6 మిల్లీమీటర్ల అలెన్ కీ. మొదట బోల్టులన్నీ చేత్తోనే పెట్టాలి. గైడ్ రాడ్లు నిలిపి, అడుగున రబ్బరు దిమ్మలు వేసి, ప్లేట్లు ఎక్కించి, పై అడ్డపట్టీ వదులుగా ఉండగానే మూడు నాలుగు ప్లేట్లను చేత్తో పైకీ కిందకీ ఆడించండి. ఎక్కడా పట్టకుండా జారే చోట పట్టీ బిగించండి. కంపెనీ నుంచి వచ్చే కుర్రాడు ఈ మెట్టు దాటేసి త్వరగా వెళ్లిపోవాలని చూస్తాడు, పక్కన నిలబడి చేయించుకోండి. రెండు వారాల తర్వాత నట్లన్నీ మరోసారి బిగించాలి.

అపార్ట్‌మెంటు స్లాబు ఆగుతుందా అని చాలామంది భయపడతారు. మెషీన్ 140 కిలోలు, మనిషి 80 కిలోలు అనుకున్నా, ఆరడుగులూ నాలుగడుగుల స్థలంలో చదరపు మీటరుకు వంద కిలోలు పడుతుంది. ఇళ్ల గదుల్ని డిజైన్ చేసేటప్పుడు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం తీసుకునే భారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. స్లాబుకు ఢోకా లేదు, ప్రమాదమల్లా టైల్స్‌కే. ఫ్రేము కాళ్లు వచ్చే చోట నాణెంతో తట్టి చూడండి. డొల్ల శబ్దం వస్తే ఆ టైల్ కింద సిమెంటు సరిగా లేదు, పగులుతుంది. 12 మిల్లీమీటర్ల రబ్బరు మ్యాట్ వేయండి. చుట్టూ స్థలం కూడా చూసుకోవాలి, బటర్‌ఫ్లై చేతులు తెరిస్తే ఇరువైపులా ఇంకో అడుగున్నర కావాలి. పసిపిల్లలున్న ఇంట్లో వ్యాయామం అవగానే పిన్ను తీసి అందని చోట పెట్టండి, ప్లేట్ల సందులో వేళ్లు పెట్టడం పిల్లలకు మహా సరదా.

ఇప్పటికే బరువులెత్తడం అలవాటున్నవాళ్లు దీన్ని కొనవద్దు. వాళ్లకు పవర్ ర్యాక్ (బార్‌ను మోసే ఇనుప చట్రం), 20 కిలోల ఒలింపిక్ బార్, బెంచ్ కావాలి. ఆ బార్ పొడవు 2.2 మీటర్లు, రెండు వైపులా ప్లేట్లు ఎక్కించే చోటు కలిపితే పదడుగుల గోడ ఉండాలి. అంత చోటుంటే ఆ మార్గమే మేలు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే సగం ధరకే దొరుకుతుంది గానీ ప్లేట్లు చూడండి. నల్ల ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు పోసినవి లావుగా ఉంటాయి, కిందపడితే పగులుతాయి. పోత ఇనుపవి పలచగా ఉంటాయి, అయస్కాంతం ఠక్కున అతుక్కుంటుంది. విప్పే ముందు కేబుల్ ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగిందో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి, ప్లేట్లను వరుస నంబర్లు రాసి విడిగా ఎత్తండి. గైడ్ రాడ్లను మాత్రం పాత దుప్పటిలో చుట్టి, బండిలో అన్నిటికంటే పైన పెట్టించండి. ఒక్క రాడ్డు వంగినా స్టాక్ మళ్లీ సాఫీగా కదలదు.