మడమ దగ్గర చిన్న కన్నం: నాలుగేళ్ళ బార్ షూస్ అనుభవం

మా బాబుకి నాలుగేళ్ళు దాటాయి. పుట్టిన పదకొండో వారం నుంచి ఈ రోజు దాకా బార్ షూస్, అంటే మధ్యలో కడ్డీతో కలిపిన బూట్ల జత, వేస్తూనే ఉన్నాం. కుడి పాదం లోపలికి తిరిగి పుట్టాడు, దీన్ని క్లబ్‌ఫుట్ అంటారు. పిండికట్లు ఎన్ని పడతాయి, మడమ పైనున్న స్నాయువు (టెండన్) ఎందుకు కోస్తారు, మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు ఎందుకు వేసి ఉంచాలి, ఇవన్నీ ఈ దారిలో నడుస్తున్న అమ్మానాన్నలకి డాక్టర్లు ఒకటికి నాలుగుసార్లు చెప్పే ఉంటారు. నేను రాయాలనుకున్నది పొక్కుల గురించి. ఆ పొక్కుల నుంచి మమ్మల్ని బయటపడేసిన ఒక చిన్న కన్నం గురించి.

మాకు క్లినిక్‌లో ఇచ్చిన బార్ షూస్ రకం పేరు స్టీన్‌బీక్ బ్రేస్. తోలు బూట్లు, ముందు వేళ్ళు బయటికి కనిపిస్తాయి, మధ్యలో బకిల్ పట్టీ, పైన లేసు, రెంటినీ కలుపుతూ ఇనుప కడ్డీ. 1990లలో ఉగాండాలో తయారైన నమూనా ఇది. ఖరీదైన సామాను దొరకని చోట కూడా తోలు పని, ఇనుము పని తెలిసినవాళ్ళు స్థానికంగా చేయగలిగేలా రూపొందించారట. చూడటానికి మొరటుగానే ఉంటుంది. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు, అరచేతిలో పట్టేంత ఆ పాదానికి ఇంత బరువా అని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ బూటు వెనక, మడమ కూర్చునే చోట, ఒక గుండ్రటి కన్నం ఉంది. గాలాడటానికి పెట్టారేమో అనుకున్నాను. అదెందుకో మొదటి రోజు ఫిజియోథెరపీ మేడమ్ చెప్పే ఉంటారు. కానీ పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే అక్కడ చెప్పినవాటిలో సగం నా చెవిన పడలేదు.

మొదటి రెండు రోజులూ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మూడో రోజుకి వాడు కాస్త అలవాటుపడ్డాడు. రెండు కాళ్ళూ కలిపి తన్నడం నేర్చుకున్నాడు. గండం గడిచిందనుకున్నాం. ఐదో రోజు పొద్దున స్నానానికని విప్పితే కుడి సాక్సు మడమ దగ్గర అంటుకుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్ళతో తడిపి మెల్లగా లాగాను. మడమ వెనక, కాస్త పైగా, శనగగింజంత పొక్కు. లోపల నీరు ఆడుతోంది. చుట్టూ రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా ఉంది.

కాన్పుకి పుట్టింటికి వచ్చి అప్పటికింకా కొత్తగూడెంలో అమ్మ దగ్గరే ఉన్నాను. అమ్మ చూసి తల్లడిల్లిపోయింది. "పసిగుడ్డుకి అంత బిగిస్తే కరవదా మరి? కాస్త వదులు చెయ్యవే" అంది. నాకూ అదే సబబనిపించింది. కొత్త చెప్పులు కరిస్తే మనం చేసేది అదేగా, అంచుకి కొబ్బరినూనె రాస్తాం, పట్టీ ఒక కన్నం వదులు చేస్తాం. ఇక్కడా అలాగే చేశాం. పొక్కు చుట్టూ కొబ్బరినూనె రాసి, మడమకీ తోలుకీ మధ్య దూది పెట్టి, బకిల్ మూడో కన్నం నుంచి రెండో కన్నానికి మార్చాను. వాడు ఆ పూట ఏడవలేదు. సరైన పనే చేశానని అనుకున్నాను.

మర్నాటికి పొక్కు రెండింతలైంది. సాయంత్రానికి చితికింది. దూది పచ్చి చర్మానికి అతుక్కుపోయింది. దాన్ని పోగుపోగుగా తీస్తుంటే వాడు ఏడ్చిన ఏడుపు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. అమ్మ ఇక ఆ బూట్లు వద్దనే వద్దంది. "కాలు వంకరైనా పర్వాలేదు, పిల్లాడు బతకాలి" అంది. అమ్మని తప్పుపట్టను. ఆ పుండు చూసిన ఎవరికైనా నోట అదే మాట వస్తుంది. మా వారికి ఆ రోజు గని డ్యూటీ. క్లినిక్ రోజు కాకపోయినా తెల్లారి మొదటి బస్సుకే నేనూ అమ్మా ఖమ్మం బయల్దేరాం. దార్లో ఒకటే టెన్షన్. తిడతారేమో, మళ్ళీ పిండికట్టు వేస్తారేమో అని.

ఎవరూ తిట్టలేదు. ఫిజియో మేడమ్ పుండు చూశారు, వేలితో చర్మం తడిమి "నూనె రాశారా అమ్మా?" అన్నారు. తరవాత మంచి కాలికే బూటు వేయించి, నేను రోజూ ఎలా వేస్తున్నానో అలాగే వేయమన్నారు. వేశాక బూటు వెనక్కి తిప్పి "ఈ కన్నంలోంచి చూడండి, మడమ కనిపిస్తోందా?" అని అడిగారు. చూశాను. ముడతలు పడిన సాక్సు తప్ప ఏమీ లేదు. మడమ ఆ కన్నానికి పైనెక్కడో వేలాడుతోంది.

"ఇది బిగుతుకి వచ్చిన పొక్కు కాదమ్మా, వదులుకి వచ్చింది" అన్నారు ఆవిడ. మడమ అడుక్కి ఆనకపోతే బిడ్డ తన్నిన ప్రతిసారీ పైకీ కిందికీ జారి తోలుకి రాసుకుంటుంది. నూనె రాస్తే ఇంకా జారుతుంది, పైగా చర్మం మెత్తబడి తొందరగా ఊడుతుంది. వదులు చేస్తే రాపిడి పెరుగుతుంది. మేం జాలిపడి చేసిన మూడు పనులూ ఆ పొక్కుని పెంచినవే.

డాక్టర్‌గారు పుండు శుభ్రం చేయించి, అంటుకోని పలచటి డ్రెస్సింగ్ వేయించి, ఒక్క రోజు బ్రేస్ లేకుండా ఉంచి మర్నాటి నుంచి మళ్ళీ వేయమన్నారు. ఎక్కువ రోజులు విప్పి ఉంచితే ఈ వయసులో పాదం ఎంత తొందరగా వెనక్కి తిరుగుతుందో చెప్పారు. ఇది మా బాబు పుండు చూసి చెప్పిన మాట. మీ పాప పొక్కు చితికితే ఒక్క రోజా, మూడు రోజులా అన్నది మీ డాక్టరే చూసి చెప్పాలి, నా మాట పట్టుకుని ఇంట్లో తేల్చుకోవద్దు.

ఆ రోజు ఆవిడ నా చేత ఆరేడుసార్లు బూటు వేయించారు. ముందు మోకాలు వంచాలి. కాలు చాచి ఉంటే పిక్క బిగుసుకుని మడమ కిందికి దిగదు. సాక్సు ముడత లేకుండా లాగి, పాదం లోపలికి పెట్టి, చీలమండ ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి. ఆ వేలు తియ్యకుండానే రెండో చేత్తో మధ్య పట్టీ బిగించాలి. లేసు ఆ తరవాతే. నేను అన్నాళ్ళూ ముందు లేసు కట్టి చివర్లో పట్టీ పెడుతున్నాను. పాదాన్ని పట్టి ఉంచేది పట్టీ, లేసు దానికి తోడు మాత్రమే. అంతా అయ్యాక వెనక కన్నంలోంచి చూడాలి. మడమ గుండ్రంగా, కన్నం నిండుగా సాక్సుని నొక్కుతూ కనిపించాలి. చిటికెన వేలు కొనతో తడితే మెత్తగా తగలాలి. పిక్క పట్టుకుని కాలు పైకీ కిందికీ మెల్లగా లాగితే వేళ్ళు ముందుకీ వెనక్కీ కదలకూడదు. కదిలాయంటే మడమ లేచినట్టే, మళ్ళీ మొదటి నుంచి. వేళ్ళ కొసలు ఆనే చోట బూటు అట్ట మీద బాల్‌పెన్నుతో ఒక గీత కూడా గీశారు. వేళ్ళు ఆ గీత దాటి వెనక్కి పోతే లోపల ఏదో జారిందని తెలుస్తుంది. బిగించడమంటే రక్తం ఆడకుండా కాదు, వేళ్ళు గులాబి రంగులో వెచ్చగా ఉన్నాయో లేదో కూడా చూస్తుండమన్నారు.

పట్టీ నాలుగో కన్నానికి వచ్చింది. అంటే మేం మొదట పెట్టినదానికంటే కూడా ఒకటి బిగుతు. వాడు ఒక నిమిషం గొణిగి బస్సెక్కకముందే నిద్రపోయాడు. అమ్మ దారంతా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కొబ్బరినూనె గిన్నె తనే తీసి పక్కన పెట్టేసింది.

నూనె విషయం ఇంకాస్త రాయాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో పసిపిల్లలకి నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, సున్నిపిండితో రుద్ది స్నానం చేయించకపోతే అది స్నానమే కాదు. దాన్ని మానమంటే పెద్దవాళ్ళు బాధపడతారు. మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. నూనె మోకాళ్ళ దాకానే, కిందికి రాకూడదు. స్నానమయ్యాక పాదాలు పాత నూలు పంచె గుడ్డతో వేళ్ళ సందుల్లో కూడా తుడిచి, పది నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు సాక్సు. పౌడరు కూడా వద్దన్నారు, చెమటకి ముద్దకట్టి అదీ గీరుకుంటుంది. సాక్సు నూలుదై ఉండాలి. కుట్టు వేళ్ళకి, మడమకి తగలకుండా మేం తిరగేసి వేసేవాళ్ళం. కొత్తగూడెం ఎండల గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ ఏప్రిల్, మే నెలల్లో కూలర్ ముందు పడుకోబెట్టినా సాక్సులు తడిసేవి. రోజుకి ఐదు జతలు మార్చాను. చెమ్మ సాక్సుతో వదిలేసిన ఒక్క మధ్యాహ్నం మడమ మళ్ళీ ఎర్రబడింది. విప్పాక అరగంటలో పోయే ఎరుపు మామూలే, పోకుండా ఉండిపోతే అది రేపటి పొక్కు అని మేడమ్ చెప్పిన లెక్క నాకు చాలా పనికొచ్చింది.

పుండు పది రోజుల్లో మానింది. ఆ తరవాత మడమ మీద ఇంకో పొక్కు రాలేదు. రాత్రి పాలు పట్టడానికి లేచినప్పుడల్లా సెల్‌ఫోన్ లైటు వేసి ఆ కన్నంలోంచి చూసేదాన్ని. మడమ నిండుగా కనిపిస్తే నాకూ నిద్ర పట్టేది. క్లినిక్ బెంచీ మీద నా పక్కన కూర్చున్న ప్రతి తల్లికీ చెప్పేదాన్ని, ఇదే మంచి బ్రేస్, ఆ కన్నం చూసుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అని.

ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. పద్నాలుగో నెలలో మళ్ళీ పొక్కు వచ్చింది, ఈసారి పాదం పైన, బకిల్ కింద. మడమ కన్నంలో చక్కగా కనిపిస్తూనే ఉంది. నేను దాన్నే చూసుకుంటూ ముందు వేళ్ళు బూటు అంచు దాటి కిందికి వంగుతున్నాయని గమనించలేదు. బూటు చిన్నదైపోయింది. సైజు మార్చడానికి వెళ్ళాల్సిన నెలలో ఇంట్లో పెళ్ళి ఉండి వాయిదా వేశాం, దాని ఫలితం అది. కన్నం మడమ సంగతి చెబుతుంది, మిగతా పాదం సంగతి చెప్పదు. ముదురు రంగు సాక్సు వేస్తే మడమ సంగతీ సరిగ్గా చెప్పదు, లోపల మడమ ఉందో ఉత్త ముడతే ఉందో తేడా తెలియదు. అందుకే మా ఇంట్లో తెల్ల సాక్సులు తప్ప వేరేవి లేవు.

ఇంకో సంగతి నన్ను చాలా రోజులు బాధపెట్టింది. బెంచీ మీద పరిచయమైన ఒకమ్మాయి పాపకి పాదం పొట్టిగా, ఉబ్బుగా, అరికాలికి అడ్డంగా లోతైన గీతతో ఉండేది. నేను చెప్పినట్టే ఆ అమ్మాయి మోకాలు వంచింది, పట్టీ బిగించింది, నూనె మానింది. అయినా మడమ కన్నంలోకి ఎప్పుడూ రాలేదు, వారం వారం పొక్కే. తన చేతిలోనే ఏదో లోపముందని కుమిలిపోయింది. చివరికి డాక్టర్‌గారు ఆ పాదం రకమే వేరని, అది ఇంకా పూర్తిగా సరికాలేదని చెప్పి మళ్ళీ కట్లు వేశారు. ఆ తరవాత ఇచ్చిన బ్రేస్‌లో పాదాన్ని బయటికి తిప్పే కోణం కూడా తగ్గించారు. మా బాబు కుడి కాలికి పెట్టినది 70 డిగ్రీలు, మంచి కాలికి 40. ఆ పాపకి అంత లేదు. కాబట్టి ఎంత జాగ్రత్తగా వేసినా మడమ నిలవకపోతే, బూటు మాటిమాటికీ ఊడొస్తుంటే, పట్టీతో కుస్తీ పట్టకుండా పాదాన్ని చూపించండి. ఆ అమ్మాయికి నేను ముందే ఈ మాట చెప్పగలిగి ఉంటే బావుండేది.

మెత్తటి లైనింగ్, మూడు పట్టీలు ఉండే మిచెల్ బ్రేస్ తెప్పించుకున్నవాళ్ళు కూడా మా క్లినిక్‌లో ఒకరున్నారు. చేత్తో పట్టుకుని చూశాను. తేలిగ్గా ఉంది, కడ్డీ నుంచి బూటు విడిగా ఊడొస్తుంది. మాకిచ్చిన దానిలో ఆ సౌకర్యం లేదు, అర్ధరాత్రి గుడ్డ మార్చాలంటే కడ్డీతో సహా ఎత్తాల్సిందే. వాటికీ మడమ దగ్గర కన్నాలున్నాయి. డబ్బుకి ఇబ్బంది లేకపోతే నేనూ దాని గురించి అడిగేదాన్నేమో. మాకు ఇదే అందింది, దీంతోనే వాడి పాదం నిలబడింది. మాది ఒక్క కాలే, నేను ఇంట్లోనే ఉంటాను, అమ్మ తోడుంది, ఖమ్మం రెండు గంటల ప్రయాణం. రెండు పాదాలూ వంకరైన బిడ్డని వదిలి పొద్దున్నే పనికి పోయే తల్లికి రోజుకి ఐదు జతల సాక్సులు మార్చమని నేను ఏ మొహంతో చెప్పను?

ఇప్పుడు వాడే మంచం మీద కూర్చుని మోకాలు వంచి మడమ కిందికి నొక్కుకుంటాడు. పట్టీ నేను పెడతాను. ఇప్పుడున్న జతలో ముందు వేలెడు చోటు కూడా మిగల్లేదు. ఈ నెలలో ఖమ్మం వెళ్ళాలి. ఈ సైజుతో ఆపుతారా, ఇంకో ఏడాది వేయమంటారా అన్నది పాదం చూశాకే చెబుతామన్నారు.