ఫైనల్‌కి వెళ్లాలా, చూపు ముందుకు పెట్టాలా?

నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌లో సర్ఫింగ్ (బోర్డు మీద నిలబడి అలల మీద జారే ఆట) నేర్చుకుంటున్న మా తమ్ముడు గోడ మీద "ఈసారి ఫైనల్‌కి వెళ్లాలి" అని రాసుకున్నాడు. నేనైతే "ఇవాళ 10 అలలు, చూపు బోర్డు మీద కాదు, ముందుకే" అని రాయమంటాను.

ఖర్చు: రెండోదానికి ఒక నోట్‌బుక్, అంతే.

శ్రమ: మొదటిది ఒకసారి రాస్తే చాలు. రెండోదానికి రోజూ ఒడ్డుకొచ్చి, తడి చేతులు తుడుచుకుని, ఎన్నిసార్లు కుదిరిందో లెక్క రాయాలి. విసుగే.

రిస్క్: మొదటిదాంట్లోనే ఎక్కువ. పోటీలో మనం ఎక్కిన అలల్లో బాగా వచ్చిన రెండింటి మార్కులే కలుపుతారు, మొత్తం 20కి. అల రాకపోతే? జడ్జి, ఎదుటివాడు, సముద్రం ఏదీ మన చేతిలో లేదు. టెన్షన్ మాత్రం మనదే. రెండోదాంట్లో అల చిన్నదైనా పని ఉంటుంది.

పోటీ నెలల దూరంలో ఉండి, తెల్లారి లేవడానికి బద్ధకిస్తుంటే మొదటిదే లేపుతుంది. నీళ్లలోకి దిగాక మాత్రం రెండోదే, అందులోనూ బోర్డు మీద నిలబడటానికే ఇంకా తడబడుతుంటే.