దుండిగల్ చరిత్రకు ఒక ఆదివారం: ఒంగోలులోని ఒక శిక్షణ తరగతిపై సమీక్ష

ఒంగోలు లాయరుపేటలో, ఒక ఇంటి మేడమీద, వాయుసేనలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక మాస్టారు ఏఎఫ్‌క్యాట్ (వాయుసేన అధికారుల ఎంపిక పరీక్ష) రాయదలచిన పిల్లలకు నాలుగు ఆదివారాల తరగతులు నడుపుతున్నారు. మా అమ్మాయిని అందులో చేర్పించాను. తల్లిదండ్రులు కూడా కూర్చోవచ్చునని అన్నందువల్ల నేనూ నాలుగు వారాలూ విన్నాను. లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవారు మన ఊళ్లో చాలామందే ఉన్నారు గనుక వాటి సంగతి ఇక్కడ రాయను. దుండిగల్ వాయుసేన అకాడమీ చరిత్రకు ఆయన ఒక ఆదివారం మొత్తం కేటాయించారు. ఈ సమీక్ష దాని గురించే.

జోధ్‌పూర్‌లో ఒక ఫ్లయింగ్ కళాశాల, అలహాబాదులో ఒక శిక్షణ కేంద్రం, కోయంబత్తూరులో పరిపాలనా కళాశాల అంటూ అధికారుల శిక్షణ చెదిరి ఉన్న కాలం నుంచి మాస్టారు మొదలుపెట్టారు. 1967 అక్టోబరు 11న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ హైదరాబాదు శివార్లలో అకాడమీకి శంకుస్థాపన చేశారు. 1971 జనవరి 16న లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది.

తరగతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది శిక్షణ విమానాల వరుస: దీపక్, కిరణ్, పిలాటస్. దీపక్‌లోనూ కిరణ్‌లోనూ శిక్షకుడు, శిష్యుడు పక్కపక్కన కూర్చునేవారు. పిలాటస్‌లో శిష్యుడు ముందు, శిక్షకుడు వెనుక కూర్చుంటారు. పక్కన మనిషి ముఖం కనబడకపోతే తన నిర్ణయం తానే తీసుకోవాలన్న అలవాటు తొలి గంటల నుంచే పడుతుందని ఆయన రెండు కుర్చీలు వేసి చూపించి మరీ చెప్పారు. 2009 జులై 31న మెదక్ జిల్లాలో దీపక్ కూలి ఇద్దరు పైలట్లు మరణించిన ఘటనను చెప్పినప్పుడు ఆయన గొంతు తగ్గింది. ఆ విమానంలో ప్రమాదవేళ బయటికి ఎగరేసే సీటు లేదు. ఆ తరువాత దీపక్‌ను పక్కనబెట్టడం, 2013లో స్విట్జర్లాండు పిలాటస్‌లు వచ్చేదాకా తొలి దశ శిక్షణ భారమూ కిరణ్‌లపైనే పడటం ఎంత కష్టమైన కాలమో పిల్లలకు బాగా అర్థమైంది. 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా యుద్ధ విమాన పైలట్లుగా అదే అకాడమీ నుంచి బయటికి వచ్చిన సంగతి వినగానే మా అమ్మాయి వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

మన ప్రాంతాన్ని కూడా ఆయన మరువలేదు. కొరిశపాడు దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారిపై 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున వేసిన అత్యవసర రన్‌వేపై 2024 మార్చి 18న జరిగిన విన్యాసంలో సుఖోయ్, హాక్ విమానాలు నేలను తాకకుండా పైనుంచే సాగిపోగా, ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి మళ్లీ ఎగిరాయి. దుండిగల్ నుంచి వచ్చిన యుద్ధ విమాన పైలట్లకు బీదర్‌లో ఆ హాక్‌పైనే తరువాతి శిక్షణ సాగుతుందని కలిపి చెప్పడంతో, రోజూ బస్సులో దాటిపోయే రోడ్డుకూ దుండిగల్‌కూ సంబంధం తెలిసింది.

లోపాలూ చెప్పాలి. ముద్రించి ఇచ్చిన నోట్సులో అకాడమీ 1971లో ఏర్పడిందని ఒక్క ముక్కలో రాశారు. శంకుస్థాపన, లాంఛన ప్రారంభం వేరువేరు సంవత్సరాల్లో జరిగాయి గనుక, ఇంటర్వ్యూలో అడిగితే పిల్లవాడు తడబడతాడు. నేను చూపగానే మాస్టారు ఒప్పుకుని, తరువాతి వారం దిద్దిన కాగితం ఇచ్చారు. మధ్యాహ్నం రెండు దాటితే రేకుల కప్పు కింద ఉక్క భరించడం కష్టం, అక్కడున్నది ఒక్క ఫ్యానే. నోట్సు పూర్తిగా ఇంగ్లీషులో ఉండటం తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇబ్బంది.

రెండువేల రూపాయల రుసుముకు ఇది తగిన తరగతి. చేర్పించేవారు ఉదయం బ్యాచ్ అడగండి, పిల్లలకు మంచినీళ్ల సీసా ఇచ్చి పంపండి.