గేజ్‌లో ఆయిల్ ఫుల్, హెడ్‌లో నిల్: మా సిక్కోలు (శ్రీకాకుళం) ట్రిప్

విజయనగరం నుంచి శనివారం ఉదయం ఐదున్నరకి బయలుదేరాం. నేను నా 150 సీసీ బండి మీద, బావ తన పాత స్ప్లెండర్ మీద. మొదటి రోజు అరసవల్లి, శ్రీకూర్మం, సాలిహుండం, కళింగపట్నం చూసేసి, రెండో రోజు టెక్కలి వైపు పక్షులొచ్చే తేలినీలాపురం వెళ్లాలని ప్లాన్. నా బండి వారం కిందటే సర్వీస్ అయింది. క్లచ్ ప్లేట్లు కూడా మార్పించాను కాబట్టి ఏ టెన్షనూ లేదు.

నాతవలస దగ్గర హైవే ఎక్కాక రోడ్డు గురించి చెప్పడానికేమీ లేదు, బాగుంది. అరసవల్లిలో మాత్రం శని, ఆదివారాలు వద్దు. ఆదివారం సూర్యుడి రోజు కాబట్టి రద్దీ ఉంటుందని అందరికీ తెలుసు. కానీ శనివారం కూడా క్యూలో గంటంపావు నిలబడ్డాం. దానికంటే శ్రీకూర్మం నాకు చాలా నచ్చింది. రెండు ధ్వజస్తంభాలున్న గుడి, నడవడానికి నీడ, ఆవరణలో పెంచుతున్న తాబేళ్లు. పిల్లలతో వచ్చేవాళ్లు అరసవల్లి త్వరగా ముగించుకుని ఇక్కడ ఎక్కువసేపు ఉండటం మంచిది.

సాలిహుండం కొండ దగ్గరే గొడవ మొదలైంది. పైన బౌద్ధ స్తూపాలు, కింద వంశధార. 1919లో గిడుగు రామమూర్తి గారు ఈ చోటుని గుర్తించారట. అంత చక్కటి చోట నేను మాత్రం బండి పక్కన గొంతుక్కూర్చుని చెవి పెట్టి వింటున్నాను. ఇంజిన్ పైభాగంలో కుట్టుమిషన్ లాగా టకటకమని శబ్దం. వేడి కూడా మామూలుగా లేదు. ఆయిల్ కొలిచే గేజ్ పుల్ల తీసి తుడిచి చూస్తే ఆయిల్ పై గీత దాకా ఉంది. "టాపెట్లు లూజై ఉంటాయిలే, ఊరెళ్లాక చూపిద్దాం" అన్నాను. ట్రిప్‌లో నేను చేసిన పెద్ద తప్పు అదే.

కళింగపట్నం వైపు మూడు కిలోమీటర్లు పోయేసరికి పికప్ చచ్చిపోయింది. కాలిన వాసన వచ్చింది. ఆపేశాను. లైట్‌హౌస్‌ని బావ ఫోన్‌లో తీసుకొచ్చిన ఫొటోల్లో చూసుకున్నాను.

ట్రాలీ ఆటో అతను తొమ్మిది వందలు అడిగి ఆరు వందలకి ఒప్పుకున్నాడు. బండిని పడుకోబెట్టకుండా నిలబెట్టి, గోనెపట్టా వేసి మరీ తాడుతో కట్టాడు. డబ్బులు దండగ అనిపించని సర్వీసు ఆ రోజుకి అదొక్కటే.

శ్రీకాకుళం టౌన్‌లో లాడ్జివాళ్లు చెప్పిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. యాభై దాటిన మనిషి. స్టార్ట్ చెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు. "సాల్లెండి బాబూ, ఇంక తిప్పకండి" అని ప్లగ్ ఊడదీసి, టాపెట్ కవర్ విప్పి, కిక్కర్‌ని చేత్తో ఇరవైసార్లు నొక్కాడు. ఆ కవర్ కింద వాల్వుల్ని నొక్కే రాకర్ దగ్గర ఆయిల్ ఊరాలి. చుక్క రాలేదు. "ఆయిల్ ఉంది గానీ పైకి ఎక్కట్లేదు" అన్నాడు.

గేజ్ చెప్పేది అడుగున ఎంత ఆయిల్ ఉందనే. దాన్ని పైన హెడ్‌లో రాకర్లని కదిపే క్యామ్ దాకా ఎక్కించేది పంపు. మామూలు బళ్లలో చాలావాటికి కార్లలో ఉన్నట్టు ఆయిల్ ప్రెషర్ లైటు కూడా ఉండదు. శబ్దమే మనకి వార్నింగ్.

కుడివైపు క్లచ్ కవర్ విప్పితే కారణం కనిపించింది. అడుగున, పంపు ఆయిల్ పీల్చుకునే చోట చిన్న జల్లెడ. దాని నిండా నల్లటి గమ్ము పోగులు, సేమియా ముక్కల్లాగ. క్లచ్ ప్లేట్లు మార్చినప్పుడు కవర్‌కి ఆయిల్ కారకుండా రాసే గ్యాస్కెట్ గమ్ము ఎక్కువైతే, బిగించేటప్పుడు కొంత లోపలికి పొంగుతుంది. అదే తెగి ఆయిల్‌లో తిరిగి, వచ్చి జల్లెడకి పట్టేసింది. పంపు విప్పి లోపలి రోటర్ మీద గోరు గీసి చూపించాడు. గీతలు చేతికే తెలుస్తున్నాయి.

బావ మొదలుపెట్టాడు: "ఈ కంపెనీ బండి కొనొద్దని అప్పుడే చెప్పానురా." మెకానిక్ తల కూడా ఎత్తలేదు. "కంపెనీ ఏటి సేస్తాది బాబూ, ఎవులో గమ్ము దట్టించీసినారు."

కానీ బావ మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేను. పంపు కోసం మూడు స్పేర్‌పార్ట్స్ షాపులు తిరిగాం. స్ప్లెండర్ పంపు మొదటి షాపులోనే మేకుకి వేలాడుతోంది. నా బండిది విశాఖ నుంచి ఆర్టీసీ కార్గోలో మర్నాడు వచ్చింది. బండి నమ్మకమైనదా కాదా అని అడిగేవాళ్లు మైలేజీతో పాటు ఈ మేకు సంగతి కూడా అడగాలి. డూప్లికేట్ పంపు వెంటనే ఇస్తామన్నారు గానీ మెకానిక్ వద్దన్నాడు, నేనూ వద్దన్నాను.

అలా ఒక రాత్రి అనుకున్నది రెండు రాత్రులైంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జి, నాన్ ఏసీ తొమ్మిది వందలు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, బండికి లోపల పార్కింగ్ ఉంది. వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది దాకా అని బోర్డు పెట్టారు, ఏడుకే అయిపోయాయి. రోడ్డు వైపు గది తీసుకోకండి, తెల్లవారుజామున బస్సుల హారన్లకి నిద్ర పట్టదు.

పంపు, రాకర్లు, కొత్త ఆయిల్, కూలీ కలిపి 3,850 అయింది. క్యామ్ బతికిపోయింది. బిగించే ముందు పంపులో ఆయిల్ పోసి, ప్లగ్ లేకుండా మళ్లీ కిక్కర్ నొక్కాడు. పదకొండో నొక్కుకి రాకర్ పక్కన తేనె రంగు చుక్క ఊరింది. అప్పుడు గానీ ప్లగ్ పెట్టలేదు.

సోమవారం తేలినీలాపురం చూసే వెనక్కి వచ్చాం. చింతచెట్ల నిండా గూళ్లు, పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు. చలికాలంలో, అదీ పొద్దున్నే వెళ్తేనే బాగుంటుంది. తినడానికి పెద్దగా ఏమీ దొరకదు, టెక్కలిలో టిఫిన్ చేసి వెళ్లండి.

గమ్ము పోగులు అగ్గిపెట్టెలో దాచి తెచ్చి, మా ఊళ్లో సర్వీస్ చేసిన చోట కౌంటర్ మీద పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "మావాళ్లు ఇంత ఎక్కువ రాయరే సార్" అన్నారు. డబ్బులు రాలేదు. వాటర్ వాష్ మాత్రం ఫ్రీగా చేశారు.